అంకె ప్రక్కనున్న అక్షరం

నీటి పరీక్షా నివేదిక చేతికందగానే చాలామంది చూపు అంకెల మీదనే నిలుస్తుంది. అంకె ప్రక్కన చిన్నగా ముద్రించిన అక్షరాన్ని గమనించేవారు అరుదు. కాని ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిపేది ఆ అక్షరమే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పద్ధతి ననుసరించే ప్రయోగశాలలు 'యు', 'జె', 'బి' వంటి గుర్తులను వాడతాయి. 'జె' అంటే ఆ అంకె అంచనా మాత్రమే. పదార్థం ఉన్నది, ఎంత ఉన్నదో ఖచ్చితంగా తేలలేదు. 'యు' అంటే పరికరం పసిగట్టగల పరిమితిలో పదార్థం కనబడలేదని అర్థం. నీటిలో అది లేనే లేదని కాదు. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 50 మైక్రోగ్రాములకు లోబడినదానిని పసిగట్టలేని పద్ధతితో పరీక్షిస్తే, 40 మైక్రోగ్రాములున్న బావి సైతం నిర్దోషిగా బయటపడుతుంది. ఆ నీరు త్రాగే కుటుంబానికి నివేదిక ఇచ్చిన ధైర్యమే ముప్పు అవుతుంది.

'బి' గుర్తు కథ వేరు. నమూనాలతోపాటు పరిశుద్ధమైన నీటిని కూడా సీసాలో నింపి, అదే విధంగా పరీక్షిస్తారు. దీనిని 'బ్లాంక్' అంటారు. అందులోనూ అదే పదార్థం కనబడితే దోషం బావిది కాకపోవచ్చు. మూతది, ధూళిది, వాడిన ఆమ్లానిది కావచ్చు. సీసమనే లోహాన్ని కొలిచిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్‌కు ఈ చిక్కే ఎదురైంది. ప్రయోగశాల గాలిలోని సీసమే కొలతలను చెరుపుతున్నదని గ్రహించి, ఆయన అతి పరిశుభ్రమైన గదిని నిర్మించుకొన్నాడు. సముద్రజలంలో సీసం గురించిన పూర్వపు కొలతలు ఎన్నో రెట్లు హెచ్చుగా ఉన్నాయని పిమ్మట ఆయన పరిశోధనలు వెల్లడించాయి. ఓడకు, తీగకు, సీసాకు అంటిన సీసాన్నే అంతవరకు సముద్రానిదిగా లెక్కించారన్నమాట!

అట్లని 'బి' కనబడిన ప్రతి ఫలితాన్నీ త్రోసివేయడం తగదు. నమూనాలోని పరిమాణం బ్లాంకులోని దానికి అయిదు రెట్లు మించితే, దానిని నిజమైనదిగా స్వీకరించే ఆనవాయితీ ఉన్నది. ప్రయోగశాలల్లో నిత్యం వాడే ఎసిటోన్ వంటి ద్రావణుల విషయంలో పది రెట్లు మించాలి. కలుషితమైనది సీసాయే అని చెప్పి తప్పించుకోవడానికి ఈ లెక్క అడ్డుపడుతుంది.

ఇక అసలు పరీక్షించని పదార్థానికి ఏ అక్షరమూ ఉండదు. 1992లో బ్రిటిష్ భూగర్భ సర్వే సంస్థ బంగ్లాదేశ్‌లోని కొన్ని గొట్టపు బావుల నీటిని పరిశీలించినప్పుడు ఆ జాబితాలో ఆర్సెనిక్ లేదు. మరుసటి సంవత్సరమే ఆ దేశపు గొట్టపు బావులలో ఆర్సెనిక్ బయటపడింది. దీనిపై బాధితుల పక్షాన వేసిన దావాను 2006లో బ్రిటన్ ప్రభువుల సభ కొట్టివేసింది.