ఒంటికన్ను సైక్లాప్స్

చెరువు నీటిని గాజుగ్లాసులో పట్టి వెలుతురులో చూస్తే, తెల్లని చుక్కల వంటివి గెంతుతూ కనిపిస్తాయి. వాటిలో ఒకటి సైక్లాప్స్. ఇది రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియా వర్గానికి చెందినదే. పొడవు సుమారు 1 మిల్లీమీటరు. తల మధ్య ఒకే కన్ను ఉండటంతో గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుల పేరు దీనికి పెట్టారు. ఆడజీవి రెండు గుడ్ల సంచులను ఇరువైపులా మోస్తుంది. గుడ్డు నుండి వచ్చే పిల్లను నాప్లియస్ అంటారు.

మన పెద్దలను బాధించిన నారికురుపుకు మూలం ఇక్కడే ఉంది. నారిపురుగు పిల్లలను సైక్లాప్స్ తింటుంది. ఆ నీటిని వడకట్టక తాగిన మనిషి ఒంట్లో పురుగు పెరిగి, దాదాపు ఏడాదికి కాలిమీద పొక్కు చీల్చుకొని వస్తుంది. ఆ కాలితో దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు మళ్ళీ నీటిలో చేరతాయి.

దీనికి మందు లేదు, టీకా లేదు. అయినా సైక్లాప్స్ జీవితం తెలిసింది కనుక దారి దొరికింది. చేతిపంపులు వేశారు, నీటిని గుడ్డతో వడకట్టడం నేర్పారు. మనదేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

మిత్రులారా! గుడ్డ సైక్లాప్స్‌ను ఆపుతుంది గాని కలరా, టైఫాయిడ్ క్రిములను పూర్తిగా ఆపలేదు. కనుక నీటిని వడకట్టి, కాచి చల్లార్చి తాగుదాం. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లోనూ చెబుదాం.