పోటీ పరీక్షల ప్రత్యేకం: గని ధూళి – ఊపిరితిత్తులు, గుండె

న్యుమోకోనియోసిస్: ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల ఉమ్మడి పేరు.

జతపరచండి (తప్పక చదవండి):
- సిలికా – సిలికోసిస్
- రాతినార (పులివెందుల) – ఆస్బెస్టోసిస్
- ముగ్గురాయి (మంగంపేట, పూర్వపు కడప జిల్లా, తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ) – బెరైటోసిస్

ఎక్స్‌రే గుర్తులు: బెరైటోసిస్‌లో దట్టమైన తెల్లని చుక్కలు, శ్వాస సామర్థ్యం సాధారణంగా తగ్గదు. సిలికోసిస్‌లో ఊపిరితిత్తుల పైభాగాన గడ్డలు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ, దాన్ని పూర్తిగా నయంచేసే మందు లేదు, నివారణే దారి.

కార్ పల్మొనేల్: ఊపిరితిత్తుల జబ్బుతో గుండె కుడి జఠరిక దెబ్బతినడం.

పరిశోధన (వృత్తి జబ్బులు, కొత్త మందులు):
- భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మూలం – 1911
- వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓహెచ్ – అహ్మదాబాద్
- క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – 2007
- కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు – 2019

సుప్రీంకోర్టు తీర్పు: 1995, సీఈఆర్‌సీ (కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్) కేసు. కార్మికుల ఆరోగ్యం ఆర్టికల్ 21 కింద ప్రాథమిక హక్కు. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలి.

రేపు అధికారి కుర్చీలో కూర్చున్నాక కార్మికుల ఈ ఆరోగ్య హక్కును మరువకండి.