చాసర్ చదువుకు చేయూత

ప్రశ్న: నెల్లూరులో ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నాను. మధ్యయుగ ఆంగ్ల కవి చాసర్ అంటే ప్రాణం. మాది చేపల వేట మీద బతికే ఇల్లు. మధ్యయుగ సాహిత్యంలో పైచదువుకు స్కాలర్‌షిప్‌లు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, మైపాడు

జవాబు: దొరుకుతాయమ్మా. అయితే మధ్యయుగం పేరున్న వాటికోసమే వెతుకుతూ కూర్చోకండి. మన పిల్లలకు అందేవి ఎక్కువగా అన్ని సబ్జెక్టులకూ వర్తించేవే. ముందు యూజీసీ నెట్ పరీక్ష రాయండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు చేతికొస్తాయి.

విదేశాలంటారా, ఆక్స్‌ఫర్డ్‌లో 650 నుంచి 1550 దాకా ఉన్న సాహిత్యానికే ఒక మాస్టర్స్ కోర్సుంది. అక్కడి క్లారెండన్ స్కాలర్‌షిప్‌కు వేరే దరఖాస్తు అక్కర్లేదు. గడువులోగా సీటుకు అప్లై చేస్తే చాలు, పరిశీలిస్తారు. ఎంపికైతే ఫీజుతోపాటు జీవన భృతీ ఇస్తారు. ఖర్చు భరించలేని, ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న భారతీయ విద్యార్థులకు ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది. మీరు తప్పక ప్రయత్నించాల్సింది అదే.

దరఖాస్తులో ‘చాసర్ ఇష్టం’ అని రాస్తే సరిపోదు. ఆయన ‘కాంటర్‌బరీ టేల్స్’కు ఎల్స్‌మియర్ అనే పాత రాతప్రతి ఆన్‌లైన్లో ఉచితంగా ఉంది. అందులో వైఫ్ ఆఫ్ బాత్ అనే యాత్రికురాలి కథ మొదలయ్యే పుట తెరవండి. అంచులో పెద్ద టోపీతో, కొరడా పట్టుకుని గుర్రమెక్కిన ఆమె బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మకూ పద్యాల్లోని వర్ణనకూ ఎక్కడ పొంతన కుదిరిందో, ఎక్కడ కుదరలేదో రెండు పేజీలు సొంతంగా రాయండి. కమిటీ చూసేది అలాంటి చూపునే. మధ్యయుగ సాహిత్యానికి అవసరపడే లాటిన్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.