వెనక్కి వెళ్లనివ్వండి

ఎస్‌ఏ-1 పేపర్లు ఇంటికి వచ్చే రోజుల్లో లెక్కల మాస్టార్లకు ఫోన్లు ఎక్కువవుతాయి. "మా వాడు సెవెంత్ అండీ. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క లెక్కల్లోనే వీకు. బ్యాచ్‌లో వద్దు, విడిగా చెప్పాలి. వచ్చే స్లిప్ టెస్టుకల్లా కాస్త పికప్ అయితే చాలు." ఆ ఫోన్ వెనక ఎంత కంగారుందో, ఇంట్లో ఎన్ని సర్దుకుంటే ఆ ఫీజు కుదురుతుందో లెక్కలు చెప్పేవాళ్లందరికీ తెలుసు. ఆ డబ్బుకీ, పిల్లవాడు వదులుకునే సాయంత్రాలకీ తగిన ఫలితం దక్కాలంటే ట్యూషన్ మొదలుపెట్టకముందే ఒక సంగతి తెలియాలి. ఏడో తరగతిలో తప్పుతున్న లెక్క చాలాసార్లు ఏడో తరగతిది కాదు. నాలుగులోనో ఐదులోనో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. విడిగా చెప్పించడంలో ఉన్న అసలు లాభం మాస్టారు అంత వెనక్కి వెళ్లగలగడమే. నలభైమంది ఉన్న క్లాసులో టీచరుకి ఎంత మనసున్నా ఆ వీలుండదు, సిలబస్ ఆగదు.

ఒక పాప 2/3 + 1/4 చేసి 3/7 అని రాసిందనుకోండి. ఇంటూ కొట్టి, క.సా.గు. తీసి, 11/12 అని రాసి చూపిస్తే ఆ పూటకి లెక్క అయిపోతుంది. మర్నాడు 1/2 + 1/3 ఇస్తే మళ్లీ 2/5 అనే రాస్తుంది. ఎదురుగా ఒక్కతే కూర్చున్నప్పుడు మాస్టారు ఇంకోలా నడవొచ్చు.

"ఎలా చేశావమ్మా, చెప్పు."

"పైవి రెండూ కలిపాను. కిందవి రెండూ కలిపాను."

"సరే. 2/3 అంటే సగం కన్నా ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే సార్."

"మరి 3/7?"

ఇక్కడ చాలాసేపు మాటుండదు. పెదాలు కదులుతుంటాయి. "ఏడులో సగం మూడున్నర... తక్కువ సార్."

"సగం కన్నా ఎక్కువున్నదానికి ఇంకాస్త కలిపావు కదా. సగం కన్నా తక్కువ ఎలా అయింది?"

తప్పని ఎవరూ అనలేదు, పాపకే కనిపించింది. ఇక కాగితం పట్టీలు మడిచి, ఒకదాన్ని మూడు భాగాలు, ఇంకోదాన్ని నాలుగు భాగాలు చేసుకుంటే ముక్కలు ఒకే సైజులో లేనిదే కలిపి లెక్కపెట్టడం కుదరదని తనే తేల్చుకుంటుంది. పన్నెండు భాగాలు ఎందుకు చేయాలో అప్పుడు అర్థమవుతుంది. ఎందుకు తీస్తున్నారో తెలియకుండా ఇన్నాళ్లూ తీసిన క.సా.గు. ఆ రోజు అక్కరకొస్తుంది. ఇదంతా అయ్యేసరికి అరగంట గడిచిపోతుంది. చేసింది ఒక్క లెక్క, హోంవర్క్‌లో మిగిలినవన్నీ అలాగే ఉన్నాయి. అవి మిగిలిపోయాయని మాస్టారిని దయచేసి నిలదీయకండి. మీరు కట్టిన ఫీజుకి ఆ నెలలో దక్కిన గొప్ప అరగంట బహుశా అదే.

పిల్లల తప్పులకు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. 602లోంచి 278 తీసేయమంటే 476 అని రాసే పిల్లవాడు అజాగ్రత్తగా చేయలేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీశాడు: 8లోంచి 2, 7లోంచి 0, 6లోంచి 2. వాడి పద్ధతి వాడికుంది, దాన్ని శ్రద్ధగా పాటించాడు కూడా. పదుల స్థానంలో సున్నా ఉన్నప్పుడు వందల దగ్గరికెళ్లి ఎలా అప్పు తెచ్చుకోవాలో వాడికి ఏనాడూ పట్టుబడలేదు, అంతే. 0.4 కన్నా 0.35 పెద్దదని చెప్పే పాప 35 నాలుగు కన్నా పెద్దది కదా అనుకుంటోంది. 8 + 4 = □ + 5 అని రాసిస్తే గడిలో 12 వేసే పిల్లలు ఎందరో ఉంటారు. వాళ్ల లెక్కలో సమానం గుర్తంటే "ఇక్కడ జవాబు రాయి" అని అర్థం. అటూ ఇటూ ఒకే విలువ ఉండాలన్నది మనసుకెక్కకుండా ఎనిమిదో తరగతి సమీకరణాల్లోకి వెళితే పక్షాంతరం ఒక మంత్రంలాగే మిగులుతుంది. "సిల్లీ మిస్టేక్స్ చేస్తాడండీ" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనే ముందు ఒకే రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో పేపరు తిరగేసి చూడండి.

ఎక్కడ ఆగిందో మీరే కొంతవరకు కనిపెట్టొచ్చు. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో ఊరూరా ఇళ్లకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తారు. బడికి కొత్తగా చేరిన పిల్లకీ ఎనిమిదో తరగతి పిల్లకీ ఇచ్చేది ఒకే కాగితం: అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఏ తరగతి అన్న ప్రసక్తే లేదు. అలాంటి కాగితం ఇంట్లో మీరూ రాసివ్వొచ్చు. రెండు తీసివేతలు, 857 ÷ 6 లాంటి భాగహారం ఒకటి, ఒక భిన్నం చాలు. పరీక్షలా పెట్టకండి. పక్కన కూర్చుని చేస్తుంటే చూడండి. ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ మీ మొహంలోకి చూశాడో గుర్తుపెట్టుకుని మాస్టారితో చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

షికాగో విశ్వవిద్యాలయం ఆచార్యుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసం ఒకటి ఇప్పటికీ ట్యూషన్ ప్రకటనల్లో తిరుగుతుంటుంది. విడిగా చెప్పించుకున్నవాళ్లలో సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని వందమందిలో 98 మందిని మించిపోయాడన్నది అందులోని మాట. తర్వాత జరిగిన పరిశోధనల్లో లాభం కనిపించింది గానీ అంత భారీగా కాదు. ప్రకటనల్లో చెప్పని విషయం ఒకటుంది. బ్లూమ్ చెప్పిన పిల్లలకు విడిగా చెప్పడంతో సరిపెట్టలేదు. పాఠమయ్యాక చిన్న పరీక్ష పెట్టి, తప్పినచోట మళ్లీ చెప్పి, అలాంటిదే ఇంకో పరీక్ష పెట్టాకే ముందుకు కదిలారు. పక్కన మనిషి ఉన్నా, స్కూల్లో చాప్టర్ మారిందని ఇంట్లోనూ చాప్టర్ మార్చేస్తే ఆ లాభంలో ఎంత మిగులుతుంది?

కాబట్టి మాస్టారిని పెట్టుకునేటప్పుడు "ఎన్ని మార్కులు తెప్పిస్తారు?" అని అడగకండి. రెండు వారాలు ఆగి "మా వాడు ఎక్కడ ఆగిపోయాడండీ?" అని అడగండి. "భాగహారంలో శేషం వచ్చేదాకా బాగానే ఉన్నాడు, ఆ శేషాన్ని ఏం చేయాలో తెలియడం లేదు" అన్నంత వివరంగా జవాబు చెప్పే మనిషిని వదులుకోకండి. ఆయనకి పెద్ద డిగ్రీ లేకపోయినా ఫరవాలేదు. మీ వీధిలో ఇంటర్ ఎంపీసీ చదివే అమ్మాయి ఓపికగా వినగలిగితే ఐదో తరగతి పిల్లకి ఆ అక్క చాలు. "బేసిక్స్ వీక్ అండీ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేవాళ్లయితే ఏ బేసిక్స్ అని మళ్లీ అడగండి. స్కూల్లో లెక్కలు చెప్పే టీచరునే ఇంటికి రమ్మని బతిమాలకండి. 2009 విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. పైగా పిల్లవాడి సందేహం క్లాసులోనే తీర్చాల్సిన మనిషి ఆయన.

నెలకోసారి రఫ్ నోట్‌బుక్ తెరిచి చూడండి. అందులో ఎక్కువ రాసింది ఎవరు? పేజీల నిండా మాస్టారి చక్కటి రాత, కింద పిల్లవాడిది ఒక్క జవాబు ఉంటే లెక్కలు ఆయన చేస్తున్నారు, మీ వాడు చూస్తున్నాడు. కొట్టివేతలు, పక్కన వేసిన బొమ్మలు, సగంలో వదిలేసి మళ్లీ మొదలుపెట్టినవి ఉంటే సంతోషించండి. రబ్బరు వాడొద్దని, తప్పు మీద ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ చేయమని చెప్పండి. చెరిపేస్తే ఎక్కడ దారి తప్పాడో మాస్టారికి కనిపించదు.

ఆన్‌లైన్‌లో చెప్పించేవాళ్లు ఇప్పుడు చాలామంది. అమెరికాలో ఉన్న మనవడికి విజయవాడ నుంచి లెక్కలు చెప్పిస్తున్న ఇళ్లూ ఉన్నాయి. కెమెరా పిల్లవాడి మొహం మీద కన్నా నోట్‌బుక్ మీద ఉండటం ముఖ్యం. రాస్తున్న చెయ్యి కనిపించకపోతే ఎదురుగా మనిషి ఉన్నట్టే కాదు.

మన పిల్లల్లో చాలామందికి లెక్క రాకపోవడం కాదు, ప్రశ్నలోని ఇంగ్లీషే అర్థం కాదు. కూడికలు తీసివేతలు చకచకా చేసే పిల్ల 'హౌ మెనీ మోర్' అని ఉంటే చాలు, రెండూ కలిపేస్తుంది. ఇంగ్లీషు మీడియమని పంతం పట్టకుండా ఆ ప్రశ్నని తెలుగులో చెప్పనివ్వండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో వస్తున్నాయి, ప్రైవేటు స్కూలు పిల్లలకీ అవి పనికొస్తాయి. పావు కిలో, ముప్పావు కిలో అంటూ కూరల బండి దగ్గర మీరు మాట్లాడేవన్నీ భిన్నాలే. పిల్లని వెంట తీసుకెళ్లి ఆ మాటలు చెవిన పడనివ్వండి.

ఇంట్లో మనమనే మాటలు కూడా చూసుకోవాలి. "నాకూ లెక్కలంటే భయమే, మా పోలికే వచ్చింది" అని తల నిమురుతూ చెప్పినా, ఆ మాట పిల్లలు తీర్పులా తీసుకుంటారు. 1, 2 తరగతుల పిల్లల మీద జరిగి 2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు హోంవర్క్‌లో ఎక్కువగా సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువగా నేర్చుకున్నారని తేలింది. మీకు ఆ భయముంటే హోంవర్క్ మాస్టారికి వదిలేయండి. "ఇవాళ ఏది కష్టంగా ఉంది? నాకూ చెప్పు" అని అడిగి వినండి, చాలు.

రోజూ ట్యూషన్ పెట్టొద్దు. పొద్దున ఎనిమిదికి వెళ్లి సాయంత్రం అయిదున్నరకి వచ్చే పిల్లవాడు మళ్లీ ఆరింటికి పుస్తకం ముందు కూర్చుంటే వాడి చెవికి ఏదీ ఎక్కదు. వారానికి రెండు మూడు రోజులు, ముప్పావుగంట. మిగతా సాయంత్రాలు ఆడుకోనివ్వండి. మాస్టారు వెనక్కి వెళ్లిన ఆ రెండు మూడు నెలలూ స్లిప్ టెస్టు మార్కులు పెరగకపోవచ్చు. స్కూలు నుంచి మెసేజీలు వస్తూనే ఉంటాయి. అప్పుడే చాలామంది మాస్టారిని మార్చేస్తారు. కొత్తాయన మళ్లీ మొదటి నుంచి పిల్లవాణ్ణి అర్థం చేసుకోవాలి, ఈలోగా ఇంకో పరీక్ష వచ్చేస్తుంది. దయచేసి ఆ కొన్ని నెలలూ ఓపిక పట్టండి.

పిల్లవాడు తనంతట తను లెక్క మొదలుపెట్టి, తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నాడంటే ట్యూషన్ వారానికి ఒక రోజుకి తగ్గించండి, తర్వాత కొత్త చాప్టర్ కష్టమనిపించినప్పుడు మాత్రమే పిలవండి. మొదలుపెట్టడానికి అన్నిటికన్నా అనువైనది వేసవి. స్లిప్ టెస్టులు లేవు, హోంవర్క్ తొందర లేదు, రెండు మూడు తరగతులు వెనక్కి వెళ్లినా అడిగేవాళ్లుండరు. ఏప్రిల్‌లో పాత పేపర్లవాడికి వేసే కట్టలోంచి నాలుగు, ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు తీసి పక్కన పెట్టండి. మాస్టారు మొదటి రోజు అడిగేది అవే.