క్రియను ఒంటరిగా నేర్చుకోకు

మేడ్చల్

మేనకోడలికి,

తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి నువ్వు రాసిన దరఖాస్తు చదివాను. నీ చదువుకు, ప్రాజెక్టుకు వంక పెట్టడానికి లేదు. పంపేముందు ఇంగ్లీషు మాత్రం కొన్ని చోట్ల దిద్దుకో బిడ్డా.

'డిస్కస్డ్ అబౌట్ ద రిజల్ట్స్' అన్నావు. మనం ఫలితాల గురించి చర్చిస్తాం కనుక చేతికి 'అబౌట్' వచ్చేసింది. 'డిస్కస్డ్ ద రిజల్ట్స్' చాలు. షామీర్‌పేటకు చేరుకుంటాం కనుక 'రీచ్డ్ టు షామీర్‌పేట' అంటుంటాం. అక్కడా 'టు' అక్కర్లేదు. 'గుడ్ ఇన్ కెమిస్ట్రీ' కాదు, 'గుడ్ ఎట్'. బడిలో డుమువుల నుంచి వల్లించిన విభక్తులు మనలో అంతగా నాటుకుపోయాయి. ఇది తెలివి లోపం కాదు, అలవాటు. కాబట్టి మార్చుకోవచ్చు.

రేపు ల్యాబ్‌లో ఈ చిన్న మాటలే పెద్దవవుతాయి. ఒక మిల్లీలీటరు శాంపిల్‌ను 'డైల్యూట్ టు 10 ఎం.ఎల్.' అంటే ద్రావకం పోసి మొత్తం పదికి తేవాలి. 'డైల్యూట్ విత్ 10 ఎం.ఎల్.' అంటే పది పోయాలి, మొత్తం పదకొండవుతుంది. రిపోర్టులో అంకే మారిపోతుంది. ఉష్ణోగ్రత 'బై 5' పెంచమంటే ఉన్నదానికి ఐదు డిగ్రీలు కలపాలి. 'టు 5' అంటే ఐదుకు చేర్చాలి. మందులు, టీకాలు తయారయ్యే చోట ఈ తేడా తెలియకపోతే ఎలా?

అందుకే నోట్‌బుక్‌లో 'డిపెండ్' అని ఊరుకోకుండా 'డిపెండ్ ఆన్' అని రాసుకో. 'కంప్లై విత్', 'కన్సిస్ట్ ఆఫ్', 'రెస్పాన్సిబుల్ ఫర్' కూడా అంతే. పక్కనే నీ పనికి పనికొచ్చే వాక్యం రాసి పైకి చదువు. చాలావాటికి కారణం దొరకదు, చెవికి అలవాటు కావలసిందే.

అనుమానం వస్తే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ చూడు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ తోటివారితో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. దానికి తర్వాతి రూపమే ఇది. మనలా ఇంగ్లీషును నేర్చుకునేవాళ్ల కోసమే చేశారు గనుక క్రియ వెంట ఏ మాట రావాలో చూపిస్తుంది.

తప్పు దొర్లుతుందేమోనని ఇంటర్వ్యూలో నోరు కట్టేసుకోకు. మాట్లాడేటప్పుడు ధైర్యంగా మాట్లాడు, రాసేటప్పుడు ఆగి చూసుకో. దిద్దిన దరఖాస్తు ఆదివారంలోగా పంపు, ఇంకోసారి చదివి చెబుతాను.

మీ మామయ్య