దంచాలా, నూరాలా, రుబ్బాలా, విసరాలా?
వంటింటికి ఏం కొనాలో మన క్రియాపదాలే చెబుతాయి

ఈ వ్యాసం రెండు పనుల కోసం రాస్తున్నాను. ఒకటి, వంటింటి పనిని చెప్పే తెలుగు క్రియాపదాలు కొన్ని ఒకచోట చేర్చడం. రెండోది, రేపు హాస్టల్ వదిలి గది తీసుకునేవాళ్ళకీ, వేరు కాపురం పెట్టేవాళ్ళకీ ఏ సామాను కొంటే డబ్బు దండగ కాదో చెప్పడం. ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా? ఉంది, చూడండి.

మా ఇంట్లో అవ్వ మాట తెలుగు, అమ్మ మాట తమిళం. ఇప్పుడు మాత్రం ఇద్దరూ ఒకటే అంటారు. అవ్వ "మిక్సీలో వేయి" అంటుంది, అమ్మ "మిక్సీల పోడు" అంటుంది. పచ్చడైనా, పిండైనా, కారమైనా అంతే. అవ్వ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ పనులకు నాలుగు మాటలు, నాలుగు రాళ్ళు ఉండేవి.

దంచడం: రోట్లో వేసి రోకలితో పైనుంచి పోటు వేయడం. వడ్లు, ఎండుమిరపకాయలు, పసుపుకొమ్ములు దంచేవాళ్ళు. అమ్మ దీన్ని "ఇడి" అంటుంది.

నూరడం: సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో ముందుకూ వెనక్కూ రాయడం. పచ్చళ్ళు, మసాలా ముద్దలు నూరతాం. సన్నికల్లు తమిళంలో "అమ్మి". ఆ పని "అరై".

రుబ్బడం: నానిన పప్పు, బియ్యం రుబ్బురోట్లో వేసి పొత్రాన్ని గుండ్రంగా తిప్పడం. తమిళంలో ఆ పని "ఆట్టు", ఆ రోలు "ఆట్టుకల్లు".

విసరడం: తిరగలి రెండు రాళ్ళ మధ్య ఎండు గింజలు పోసి పిడి పట్టుకుని తిప్పడం. కందులు విసిరితే పప్పు, బియ్యం విసిరితే రవ్వ.

గమనించారా? ఒక్కో క్రియ చెయ్యి ఎటు కదలాలో చెబుతోంది. కిందికి, ముందుకూ వెనక్కూ, గుండ్రంగా. వస్తువు పొడిగా ఉండాలా, తడిగా ఉండాలా అన్నది కూడా అందులోనే ఉంది. అందుకే కొట్టుకు వెళ్ళేముందు మన ఇంట్లో ఏ క్రియ ఎక్కువ నడుస్తుందో చూసుకోవాలి అంటున్నాను.

మిక్సీ

పేరుకు గ్రైండర్ అని ఉన్నా మిక్సీ రుబ్బదు. సన్నటి బ్లేడు అతివేగంగా తిరిగి ముక్కలుగా కోస్తుంది. ఆ వేగం నిమిషానికి వేల చుట్లు. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు మన వంటకు తట్టుకునే మోటారుతో "సుమీత్" మిక్సీ తెచ్చారు. విదేశీ మిక్సీలు పళ్ళరసాలకు, మెత్తటి పదార్థాలకు తయారైనవి. పసుపుకొమ్ము, నానిన మినప్పప్పు వేస్తే మోటారు వేడెక్కేది.

దంచడానికీ, నూరడానికీ మిక్సీ చాలు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 500 వాట్లది సరిపోతుంది. రోజూ గట్టి మసాలాలు పడితే 750 వాట్లది తీసుకోండి. ఆగకుండా తిప్పకండి. మధ్యమధ్య ఆపాలి. ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడొద్దు. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న బొత్తాం ఉంటుంది. స్విచ్చి కట్టేసి, కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

గ్రైండరు

ఇది మా ఊరి బిడ్డ. కోయంబత్తూరులో మిల్లులు, పోత పనులు, మోటార్ల తయారీ ఎప్పటినుంచో ఉన్నాయి. 1937లో ఇక్కడే జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు దేశంలో మొదటి స్వదేశీ విద్యుత్ మోటారు తయారుచేశారు. జి.డి. నాయుడు తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారే. మోటారు, రాయి రెండూ దొరికే ఊరు గనుక రుబ్బురోలుకు కరెంటు ఇక్కడే తగిలింది. ఇప్పుడు "కోయంబత్తూరు వెట్ గ్రైండర్"కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఒక తమాషా ఉంది. చేతి రోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండరులో గిన్నె తిరుగుతుంది, రాళ్ళను పట్టుకున్న చెయ్యి కదలదు. అయినా జరిగేది రుబ్బడమే. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, మినప్పిండిలోకి గాలి చేరి పొంగుతుంది. ఇడ్లీ మెత్తగా రావడానికి ఇదో కారణం. మిక్సీలోనే రుబ్బాలంటే చల్లటి నీళ్ళు పోసి, ఆపి ఆపి తిప్పాలి.

కరెంటు ఎక్కువ కాలుతుందని భయం వద్దు. 750 వాట్ల మిక్సీ 6 నిమిషాలు తిరిగినా, 150 వాట్ల గ్రైండరు 30 నిమిషాలు తిరిగినా లెక్క ఒకటే: 0.075 యూనిట్.

వారానికి రెండుసార్లు ఇడ్లీ, దోసె తినే ఇంటికి గ్రైండరు కొనదగినదే. ఒంటరిగా గదిలో ఉండేవాళ్ళకు అక్కర్లేదు. అంగట్లో పిండి దొరుకుతుంది.

కుక్కరు, చిన్న సామాన్లు

కుక్కరు క్రియ ఉడికించడం. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకే కందిపప్పు త్వరగా ఉడుకుతుంది. ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి కొనండి. రబ్బరు సాగిపోతే మార్చండి. ఇండక్షన్ పొయ్యి ఉంటే అడుగు దానికి పనికొచ్చేదో కాదో అడగండి.

కొబ్బరి తురమడానికి కోరు, కూరలకు కత్తిపీట గానీ మంచి చాకు గానీ, దోసెకు ఇనప పెనం ఉంటే చాలు. వీటికి కరెంటు అక్కర్లేదు, ఏళ్ళ తరబడి ఉంటాయి. నాన్‌స్టిక్ పెనం కొంటే ఖాళీగా పెట్టి కాల్చకండి. ఒక్క క్రియకు మాత్రమే పనికొచ్చి, ఆ క్రియ మీ ఇంట్లో ఏడాదికోసారి వచ్చేదైతే ఆ యంత్రం అటకెక్కడం ఖాయం.

అసలు ప్రశ్న

గ్రైండరు కొనడానికి వెళ్ళినప్పుడు అంగడాయన వాట్లు, లీటర్లు, గ్యారంటీ అన్నీ చెప్పాడు. అవ్వ అంతా విని ఒకటే అడిగింది: "దీన్ని ఎత్తేదెవరు, కడిగేదెవరు?" రాళ్ళతో కలిపి ఆ గిన్నె బరువు. అవ్వకు భుజం నొప్పి. అప్పుడాయన గిన్నెను అలాగే వంచి పిండి తీసుకునే రకం చూపించాడు. ధర కొంచెం ఎక్కువే. అదే తీసుకున్నాం.

అవ్వ ప్రశ్నలో సగమే ఆ కొట్టులో తీరింది. యంత్రం రుబ్బుతుంది. కానీ నానబెట్టడం, తోడటం, కడగడం, తుడవడం అనే క్రియలు అలాగే మిగిలాయి. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. రుబ్బడం కూడా పనేనని ఒప్పుకున్నట్టే కదా. అయితే ఆ క్రియలకు కర్త ఎవరో ఏ ప్రభుత్వమూ మార్చలేదు. ఫ్రిజ్ వచ్చాక వారానికి సరిపడా పిండి ఆదివారమే రుబ్బుతున్నాం. ఆదివారం అందరికీ సెలవు, అమ్మకూ గ్రైండరుకూ తప్ప.

అందుకే కొనేముందు మూడు ప్రశ్నలు: మన ఇంట్లో ఈ క్రియ వారానికి ఎన్నిసార్లు? యంత్రం అందులో ఎంత చేస్తుంది? మిగిలింది ఎవరు చేస్తారు? మూడో ప్రశ్నకు జవాబు ఇంట్లో అందరూ కూర్చుని చెప్పుకోవాలి. మా ఇంట్లో గ్రైండరు కడిగే వంతు ఇప్పుడు తమ్ముడిది.

కింద ఒక తెల్ల కాగితం అంటించాం. చెరగడం, జల్లించడం, చిలకడం లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. మీ ఇంట్లో తెలుగులో ఏమంటారో, పక్కింటి భాషలో ఏమంటారో అడిగి వచ్చి అందులో రాయండి. ఆ పని ఎవరు చేస్తారో కూడా పక్కనే రాయండి.