సిరా చుక్క – యంత్రం మాట

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటిలోని ఇంక్‌జెట్ ప్రింటరులో కార్ట్రిడ్జి లోపం తలెత్తినప్పుడు తొందరపడకుండా, కనిపించే ఫలితాన్ని బట్టి కారణాన్ని ఊహించి, సులభమైన పరీక్ష నుంచి కఠినమైన పరీక్షకు క్రమంగా సాగే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రాత్రి తొమ్మిది గంటలు దాటింది. తెల్లవారితే ప్రవేశపరీక్ష. ఒక ఇంటిలో ఇంటర్మీడియట్ విద్యార్థిని హాల్ టికెట్టును ముద్రించుకోబోగా ప్రింటరు మీద ఎర్రదీపం మిణుకుమన్నది. కంప్యూటరు తెరపై కార్ట్రిడ్జిలో లోపం ఉన్నదనే సందేశం ప్రత్యక్షమైంది. వీధి చివరనున్న ఇంటర్నెట్ సెంటరు అప్పటికే మూసివేశారు.

"రెండు నెలల కిందటే కొన్నాం గదమ్మా! అప్పుడే పాడైపోయిందా?" అన్నాడు తండ్రి.

"పాడైందో, మధ్యలో ఏదైనా అడ్డుపడిందో చూడనిదే ఎలా చెప్పగలం నాన్నా?" అన్నది కూతురు.

ఆమె అడిగిన ప్రశ్నలోనే ఈ పాఠం సారమంతా ఇమిడి ఉంది. యంత్రం తనకు తెలిసినంత మేరకే పలుకుతుంది. కార్ట్రిడ్జి నుంచి రావలసిన విద్యుత్ సంకేతం రాకపోతే అది 'లోపం' అంటుంది. ఆ సంకేతం ఎందుకు రాలేదో చెప్పదు. పొగను చూసి నిప్పును ఊహించినట్లు, సందేశాన్ని చూసి కారణాన్ని ఊహించవలసిన బాధ్యత మనిషిదే. అందుకు ముందుగా యంత్రం పనితీరు తెలియాలి.

1977లో జపాన్‌కు చెందిన కానన్ సంస్థ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ కడ్డీ పొరపాటున తగిలింది. తగిలిన మరుక్షణమే సూది మొన నుంచి సిరా చిమ్మింది. వేడికి పుట్టిన ఆవిరి బుడగ సిరాను బయటకు నెట్టగలదని ఆయన గ్రహించాడు. అమెరికాలోని హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ పరిశోధకులు కూడా స్వతంత్రంగా ఇదే సూత్రాన్ని కనుగొని, 1984లో 'థింక్‌జెట్' ప్రింటరును విపణిలోకి తెచ్చారు. ఎప్సన్ సంస్థ వేడికి బదులుగా, విద్యుత్తు సోకగానే వంగే స్ఫటికంతో సిరాను నెట్టే పద్ధతిని చేపట్టింది. పద్ధతి ఏదైనా, వెంట్రుక కంటె సన్నని నాజిల్ రంధ్రాల గుండా కొద్ది పికోలీటర్ల పరిమాణం గల చుక్కలు కాగితంపై పడతాయి. లీటరులో లక్ష కోట్లవ వంతు ఒక పికోలీటరు. ఇంతటి సూక్ష్మమార్గాన్ని ఎండిన సిరా మూసివేయడంలో ఆశ్చర్యం లేదు.

కార్ట్రిడ్జిలు ప్రధానంగా రెండు విధాలు. కొన్నింటిలో సిరాతో పాటు నాజిళ్లు కూడా కార్ట్రిడ్జికే అమరి ఉంటాయి. మరికొన్ని కేవలం సిరా పెట్టెలు. వాటి నాజిళ్లు ప్రింటరులోనే స్థిరంగా ఉంటాయి. మొదటి రకంలో కార్ట్రిడ్జిని మార్చితే నాజిళ్లూ కొత్తవవుతాయి. రెండవ రకంలో నాజిళ్లు మూసుకుపోతే కార్ట్రిడ్జిని మార్చినా ఫలితం ఉండదు. డబ్బు ఖర్చు పెట్టేముందు తన ప్రింటరు ఏ రకమో తెలుసుకోవడం వినియోగదారునికి మొదటి విధి.

ఇక పరీక్షాక్రమం. ప్రింటరు ఆన్‌లో ఉండగా మూత తెరిస్తే కార్ట్రిడ్జి గూడు నడిమికి వచ్చి ఆగుతుంది. అప్పుడు కార్ట్రిడ్జిని తీసి, 'టక్' మనే శబ్దం వచ్చేవరకు తిరిగి అమర్చాలి. సరిగా కూర్చోకపోవడమే లోపమైతే సమస్య ఇక్కడితో తీరుతుంది. కొత్త కార్ట్రిడ్జి అయితే నాజిళ్లపైన, గాలి రంధ్రంపైన అంటించిన రక్షక టేపును తొలగించారో లేదో చూడాలి.

ఆ తరువాత చూడవలసినవి రాగి లేదా బంగారు రంగులో మెరిసే స్పర్శబిందువులు. సంకేతాలు ప్రయాణించేది వాటి గుండానే. వాటిపై సిరా మరక గాని, దుమ్ము గాని చేరితే యంత్రం కార్ట్రిడ్జిని గుర్తించలేదు. ముందుగా కరెంటు తీగను తీసివేయాలి. నూలు పోగులు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటరుతో కొద్దిగా తడిపి, కార్ట్రిడ్జి వైపున, గూటి వైపున ఉన్న బిందువులను మృదువుగా తుడవాలి. పది నిమిషాలు ఆరనివ్వాలి. వేలితో తాకితే చర్మంలోని జిడ్డు అంటుకొని కొత్త సమస్య పుడుతుంది.

గుర్తింపు కుదిరినా అక్షరాలు గీతలు గీతలుగా వస్తే లోపం నాజిళ్లలో ఉన్నదన్నమాట. ప్రింటరు సాఫ్ట్‌వేరులోని నాజిల్ పరీక్ష, హెడ్ శుభ్రత సౌకర్యాలను ఉపయోగించాలి. అయితే శుభ్రత చేసిన ప్రతిసారీ సిరా ఖర్చవుతుంది. రెండు మూడు పర్యాయాలకు ఫలితం కనిపించకపోతే కొన్ని గంటలు ఆగడం మేలు.

సిరా ఉండగానే 'ఖాళీ' అని సందేశం వస్తే అది చిప్పు పలుకు. అనేక నమూనాలలో చిప్పు సిరాను కొలవదు; వెలువడిన చుక్కలను లెక్కించి అంచనా వేస్తుంది. అందువల్ల తిరిగి నింపిన కార్ట్రిడ్జిలోనూ పాత లెక్కే నిలిచిపోవచ్చు. కొన్ని ప్రింటర్లు ఇతర సంస్థల చిప్పులను నిరాకరిస్తాయి. కొన్ని ప్రాంతాలవారీ సంకేతాలను పాటిస్తాయి. అందుచేత అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కార్ట్రిడ్జి ఇక్కడి ప్రింటరులో పనిచేయకపోవచ్చు. వస్తువును అమ్మిన తరువాత పేటెంటు హక్కు పేరిట దాని వినియోగాన్ని తయారీదారు అడ్డుకోలేడని అమెరికా సుప్రీంకోర్టు 2017లో లెక్స్‌మార్క్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు పేటెంటు హక్కుకే పరిమితం. చిప్పులోని నిరాకరణను అది తొలగించలేదు. న్యాయస్థానం అనుమతించినదాన్ని యంత్రం కాదనడం ఈ కాలపు వింత.

ఆ రాత్రి తండ్రీకూతుళ్లు కార్ట్రిడ్జిని బయటకు తీసి చూశారు. స్పర్శబిందువుల మీద ఆవగింజంత సిరా మరక. తుడిచి, ఆరబెట్టి, తిరిగి అమర్చారు. ఎర్రదీపం ఆరిపోయింది, హాల్ టికెట్టు వెలువడింది. అన్ని సందర్భాలలో ఇలాగే జరుగుతుందని చెప్పలేము. కార్ట్రిడ్జిలోని విద్యుత్ వలయమే దెబ్బతింటే కొత్తది కొనక తప్పదు. కాని, అన్నీ పరీక్షించిన పిమ్మట కొనడం వేరు, పరీక్షించకుండా పారవేయడం వేరు. మొదటిది అవసరం, రెండవది దుబారా.

వచ్చిన లోపాన్ని సరిదిద్దడం కంటె రాకుండా చూసుకోవడం సులభం. వారానికి ఒక రంగుల పుట ముద్రిస్తే సిరా ఎండదు. గోడ మీది స్విచ్చితో కాక, ప్రింటరు బటనుతోనే దానిని ఆపాలి. అప్పుడే నాజిళ్లు రబ్బరు మూత మీదికి చేరి భద్రంగా ఉంటాయి. ముఖ్యమైన పత్రాన్ని చివరి రాత్రి వరకు ఆపకుండా ముందుగానే ముద్రించుకోవడం అన్నింటికంటె మేలైన జాగ్రత్త.

కఠిన పదాలు – అర్థాలు

విపణి = అంగడి, మార్కెట్టు
సూక్ష్మం = మిక్కిలి చిన్నది
స్పర్శబిందువు = తాకే చోటు
నిరాకరణ = ఒప్పుకోకపోవడం
వ్యాజ్యం = న్యాయస్థానంలోని తగవు
దుబారా = వృథా ఖర్చు

ప్రశ్నలు

1. కార్ట్రిడ్జి లోపం వచ్చినప్పుడు అనుసరించవలసిన పరీక్షాక్రమాన్ని వివరించండి.
2. సిరా ఉన్నా ప్రింటరు 'ఖాళీ' అని ఎందుకు చెబుతుంది?
3. రెండు విధాల కార్ట్రిడ్జిల మధ్య భేదం తెలియజేయండి.
4. 'యంత్రం తనకు తెలిసినంత మేరకే పలుకుతుంది.' ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.